షిఫా రాసిన వాక్యం

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని ఇంటి నుంచి పన్నెండేళ్లు ఒకే కంపెనీకి వెళ్లింది షిఫా. అది విదేశీ ఇంజినీరింగ్ కంపెనీ. ఫ్యాక్టరీల్లో పైపులు ఏ దారిన పోవాలో కంప్యూటర్ మీద గీయడం ఆమె పని. ఆ పనిని దగ్గర కూర్చుని ఆమెకు నేర్పింది అక్కడి సీనియర్, ధూల్‌పేట్ ప్రేమ్‌రాజ్. తర్వాత ఆమె టీమ్ లీడర్ అయింది, ఆయన ఆమె కింద పనిచేశాడు. అందుకు ఆయన ఏనాడూ మొహం ముడుచుకోలేదు.

నిరుడు వేసవిలో మేనేజర్ దీక్షిత్ మెయిల్ పంపాడు. ట్రైనింగ్ ఇప్పిస్తామని, టీమ్‌లో ఎవరు ఎక్కడ వెనకబడ్డారో దాచకుండా రాయమని. షిఫా నమ్మింది. ప్రేమ్‌రాజ్ పేరు ఎదురుగా, 'కొత్త సాఫ్ట్‌వేర్‌లో నెమ్మది, శిక్షణ ఇస్తే అందరికంటే మెరుగు' అని రాసింది.

నెల తిరక్కముందే కంపెనీని పునర్వ్యవస్థీకరిస్తున్నామంటూ నలుగురిని తీసేశారు. ప్రేమ్‌రాజ్‌కిచ్చిన ఉత్తరంలో టీమ్ లీడర్ అభిప్రాయమంటూ 'కొత్త సాఫ్ట్‌వేర్‌లో నెమ్మది' వరకే ఉంది. ఆయన దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వే రాసినవా?"

"ట్రైనింగ్ కోసం రాసిన అన్నా. గిట్ల చేస్తరనుకోలే."

"అన్నా అనకు."

ఆ రోజు క్యాంటీన్‌లో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. షిఫా తిన్నగా దీక్షిత్ గదికి వెళ్లింది.

"సగం వాక్యం ఎందుకు తీసేసిన్రు సార్?"

"రాసింది నువ్వే కదా. లిస్టులో నీ పేరు లేదు, సంతోషించు," అన్నాడతను, తలెత్తకుండానే.

ఆమెకు ఒళ్లు మండింది. అతని మెయిల్, తన జవాబు ప్రింటు తీసుకుంది. ఇంట్లో తల్లి ఖైసర్ బేగం అడ్డుపడింది.

"నీ నౌకరీ మీదనే ఇల్లు నడుస్తుంది బేటీ. మనకెందుకు లొల్లి?"

"నా మాటతోనే మనిషిని కొట్టిన్రు అమ్మీ. నోరు మూసుకొని ఎట్లుండాలె?"

తనను తీసేసినందుకు ప్రేమ్‌రాజ్ లేబర్ ఆఫీసులో పెట్టిన ఫిర్యాదు విచారణకు వచ్చిన రోజు, ఎవరూ పిలవకుండానే వెళ్లి రెండు కాగితాలూ అధికారికి ఇచ్చింది. మర్నాడు కంపెనీ గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. లోపలి కాగితాలు బయటపెట్టినందుకు తీసేశామని సాయంత్రానికి మెయిల్ వచ్చింది.

ఆ కాగితాల వల్ల ఎనిమిది నెలలకు ప్రేమ్‌రాజ్‌ను కంపెనీ మళ్లీ తీసుకోక తప్పలేదు. షిఫా ఇప్పుడు మలక్‌పేటలో ఓ చిన్న ఆఫీసులో సగం జీతానికి గీస్తోంది. మొన్న బస్టాపులో ఆయన ఎదురుపడ్డాడు.

"మంచిగున్నవా అన్నా?"

"నువ్వు రాయకపోతే ఇదంతా అయ్యేదే కాదు," అని ఆయన బస్సెక్కాడు.

దీక్షిత్ మీద ఉన్న కోపానికి ప్రేమ్‌రాజ్ మీద కోపం తోడైంది. రెండింట్లో ఏదీ షిఫాకు ఇంకా చల్లారలేదు.