కూర పేరు చెప్పలేని మావ

నిన్న సాయంత్రం ఎండు మెత్తళ్ళ చేపలు వేయిస్తున్నాను. ఆ ఘాటు వాసన ఇల్లంతా కమ్ముకుంటుండగా ముందుగదిలోంచి మా హారిక అడిగింది: "అమ్మా, స్కూలు డ్రెస్సు ఉతికీసావా? మావయ్యకి ఫోటో కావాలట." గరిటె చేతిలోనే ఆగిపోయింది. మా తమ్ముడికి ఫోటో కావాలంటే నన్నడుగుతాడు గాని ఎనిమిదేళ్ళ పిల్లనెందుకు అడుగుతాడు? పరుగున వెళ్ళి దాని చేతిలోని నా ఫోన్ చూశాను. తమ్ముడి బొమ్మే ఉంది. నంబరు మాత్రం ఎన్నడూ చూడనిది. కింద, "గది తలుపు వేసుకుని తీయి. అమ్మకి చెప్పకు" అని ఉంది.

వెంటనే శ్రీకాకుళంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. "నాకు కొత్త నంబరేటక్కా? ఉన్న ఫోనే సరిగా పన్జెయ్యట్లేదు" అని నవ్వాడు. సంగతి చెప్పేసరికి వాడి నవ్వు ఆగిపోయింది. ఆ సందేశాలను స్క్రీన్‌షాట్లు తీసి దాచి, నంబరును బ్లాక్ చేశాను. తిట్టకూడదని గట్టిగా అనుకుని, "నీకు అనుమానం రాలేదా తల్లీ?" అన్నాను.

"వచ్చింది. కానీ మావయ్య కదా! పెద్దోళ్ళు సెప్తే వినాలని నువ్వే అంటావు."

పొయ్యి ఆపడానికి వంటింట్లోకి నడిచాను. అప్పుడు, పొయ్యి మీద మెత్తళ్ళు మాడుతున్న ఆ వాసనలోంచే, పైడమ్మత్త గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు గరివిడిలో మా పక్కిల్లు ఆమెది. పుట్టిల్లు సముద్రపొడ్డు, గొంతు కూడా సముద్రమంతే. నన్నూ, తన కూతురు లక్ష్మినీ అమ్మవారి పండగకు పంపేముందు ఆమె ఒకే మాట చెప్పేది: "ఎవులైనా అమ్మ పిలుస్తంది రమ్మంటే, ఇయ్యాల మాయింట్లో కూరేటని అడగండే. సెప్పలేకపోతే కదలొద్దు." మేం గిన్నె మూత తీసి చూసుకుని మరీ బయల్దేరేవాళ్ళం.

ఒక ఏడు మమ్మల్ని తీసుకెళ్ళడానికి స్వయంగా ఆమె భర్త, మా మావే వచ్చాడు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. "ఒసే గుంటల్లారా, రండి, ఇంటికి పోదాం."

లక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇయ్యాల కూరేటి నాన్నా?"

"కూరేటే? నాను మీ నాన్ననే!"

"అయినా సెప్పు."

మావ కాస్త ఆలోచించి, "వంకాయ" అన్నాడు. మేం మూత తీసి చూసినవి ఎండు మెత్తళ్ళు! మేమిద్దరం రంగులరాట్నం గుంజను వాటేసుకున్నాం. చుట్టూ జనం ఒకటే నవ్వు. కాసేపటికి పైడమ్మత్త వచ్చింది. "నలుగుర్లో నా పరువు తీసీసినారు" అని మావ మండిపడ్డాడు. దెబ్బలు తప్పవనుకున్నాం. ఆమె మాత్రం పడీ పడీ నవ్వింది. "ఇంట్లో కూరేటో తెలీనోడితో పిల్లలెందుకొస్తారు? బాగా సేసినారే!" అని మా ఇద్దరికీ వేడి జిలేబీ కొనిపెట్టింది. మావ ఇంటిదాకా మూతి ముడుచుకునే నడిచాడు.

చెప్పిన మాట వింటే మెచ్చుకునే పెద్దలను చాలామందిని చూశాను. పిల్లలు కాదంటే మురిసిపోయిన మనిషి మాత్రం ఆమె ఒక్కతే. డిగ్రీ చదివి, ఇద్దరు బిడ్డల తల్లినయ్యాక, నా పిల్లలకు నేను వినడమే నేర్పాను, కాదనడం నేర్పనే లేదు. ఈ సంగతి తట్టినప్పటినుంచీ నాకు భయం కంటే ఉత్సాహమే ఎక్కువగా ఉంది. ఇది నేర్పగలిగినదే, నాకొకరు నేర్పారు! ఈ రాత్రి నిద్ర పట్టక ఇదంతా రాస్తున్నది అందుకే.

ఈ ఉదయం పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, పెద్దవాళ్ళకు కూడా కాదని చెప్పొచ్చన్నాను. "అయితే పాలొద్దనొచ్చా?" అన్నాడు చిన్నోడు ఆశగా. "పాలు తాగాల్సిందే" అన్నాను. హారిక ఫక్కున నవ్వింది. నిన్నటినుంచి అది నవ్వడం అదే మొదలు.

అప్పుడు చెప్పాను: "మీ ఫోటో, మీ ఒళ్ళు, అమ్మకి చెప్పొద్దనే మాట. వీటి దగ్గర ఎవరికైనా కాదనండి. ఫోన్లోనైనా, ఎదురుగానైనా. మావయ్యకైనా, మాస్టారికైనా, నాకైనా. వాళ్ళకి కోపమొస్తే రానీ. పరుగెత్తుకొచ్చి నాకు చెప్పండి. మీతో కలిసి నేనూ కాదంటాను."