సత్తిబాబు ఒక్కసారి సోర్స్ అడగలేదు

నిన్న పొద్దున్న మా కెమెరా గ్రూపులో మెసేజ్ వచ్చింది. "సత్తిబాబు ఇక లేడు."

నేను వెంటనే ఏం టైప్ చేశానో తెలుసా? "సోర్స్?"

అది వాడి మాటే. గ్రూపులో ఎవరు ఏ న్యూస్ పెట్టినా వాడి మొదటి ప్రశ్న అదే. వరద వీడియో పెడితే అది ఏ ఏడాదిదో, ఏ నదిదో పది నిమిషాల్లో తేల్చేవాడు. సొంత మావయ్య ఫార్వర్డ్ పంపినా వదల్లేదు. "ఆయ్, సోర్స్ ఏదండి మరి?" అని అడిగేసి, ఆయనతో ఆర్నెల్లు మాటలు లేకుండా చేసుకున్నాడు.

ఈసారి న్యూస్ నిజమే. గుండెపోటు. నలభై మూడేళ్ళు.

తెలియని వాళ్ళకి చెప్తున్నాను. సత్తిబాబు నాతో పాలిటెక్నిక్ చదివాడు. కడియంలో ఒక నర్సరీకి మొక్కల ఫోటోలు తీసేవాడు. ఆదివారం వస్తే పెద్ద జూమ్ లెన్స్ భుజాన వేసుకుని ధవళేశ్వరం బ్యారేజీ మీద పక్షుల కోసం నిలబడేవాడు.

ఒకసారి గ్రూపులో ముగ్గురం కెమెరా ఎక్స్‌పోకి హైదరాబాద్ వెళ్దామనుకున్నాం. ఫ్లైట్ బుకింగ్ వాడిదే. రేటు తగ్గాలని మూడు వారాలు మమ్మల్ని ఆపాడు. గాలి ఎటు వీస్తుందో చూసి, టేకాఫ్ ఎటో లెక్కేసి, బ్యారేజీ కనపడాలని ముగ్గురికీ ఎడమ పక్క కిటికీ సీట్లు పట్టాడు.

విమానం రెండో వైపుకి తిరిగింది. బ్యారేజీ కుడి పక్క వాళ్ళకి కనిపించింది.

"గాలి మారిందిరా, నా లెక్క కరెక్టే" అని దిగేదాకా వాదించాడు. తిట్టుకుంటూనే పడీ పడీ నవ్వాం.

అన్నీ అంత చెక్ చేసేవాడు. అందుకే నాకింత కోపం.

మొన్న గురువారం గ్రూపులో రాశాడు. "రెండ్రోజుల నుంచి ఎడమ చెయ్యి లాగుతోందిరా. మెట్లెక్కితే చెమటలు పడుతున్నాయి. ఏమై ఉంటుంది?"

"ఆ లెన్స్ మోస్తే లాగక ఏం చేస్తుంది?" అని రాసింది నేను. నవ్వే బొమ్మ కూడా పెట్టాను.

ఒకడు చిన్న కెమెరాకి మారమన్నాడు. ఇంకొకడు మోనోపాడ్ లింక్ పంపాడు, లెన్స్ బరువంతా ఆ ఒంటి కాలి స్టాండే మోస్తుందని. ఏ బ్రాండ్ మంచిదని గంట సేపు కొట్టుకున్నాం. "సరే, ఆర్డర్ పెట్టేశా" అన్నాడు వాడు.

అందరం చదువుకున్నవాళ్ళమే. హాస్పిటల్ అన్న మాట ఒక్కడి నోటా రాలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళావిడ పద్మ నన్ను చూసి ఏడవలేదు.

"డాక్టర్ దగ్గరికి పదండీ అన్నానండి అన్నయ్య గారూ. ఆయనేమో, మా వాళ్ళంతా లెన్స్ బరువేనంటున్నారు, నువ్వూరుకోవే అన్నారు. ఆ మాట మీరేనాండి అన్నది?"

నేనేనమ్మా.

నిన్నటి నుంచి గ్రూపు నిండా దండలు, దీపాలు, చేతులు జోడించిన స్టిక్కర్లు. ఆపండి. సిగ్గుగా లేదూ మనకి? గురువారం పనికొచ్చే మాట ఒక్కటి కొట్టలేకపోయిన వేళ్ళు, ఇప్పుడు బాగానే పని చేస్తున్నాయి.

ఎడమ చెయ్యి లాగితే మాలాంటి వాళ్ళని అడక్కండి. హాస్పిటల్‌కి పోండి.

మోనోపాడ్ నిన్న మధ్యాహ్నం వచ్చింది. అప్పటికింకా వాడు వాకిట్లోనే ఉన్నాడు. కొరియర్ అతను సంతకం అడిగితే నేను పెట్టాను.

నీ మీద కూడా కోపంగానే ఉందిరా సత్తీ. లోకంలో ప్రతి చెత్త ఫార్వర్డ్‌కీ సోర్స్ అడిగావు. మావయ్యనీ వదల్లేదు. ఆ రోజు నన్నెందుకు వదిలేశావు? "లెన్స్ బరువని నీకెలా తెలుసురా, నువ్వేమన్నా డాక్టరువా?" అని ఒక్క మాట అడగాల్సింది.

నేను చెప్పానని నమ్మేశావు.

వెళ్ళిరా సత్తీ. ఇక మోసే బరువేమీ లేదు. ఏ నొప్పీ లేకుండా ప్రశాంతంగా పడుకో.