పెనుకొండ చేనులో నా తుండు

1958లో హిందూపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. గణాంక నిపుణుల శిక్షణకు అర్జీ పెడితే మా సూపర్వైజరు అందరి ముందూ, "నీ మొండితనానికి లెక్కలొకటి తక్కువైనాయా?" అని నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు. ధర్మవరంలో ఉన్న ఆయన తమ్ముడి అల్లుడికి ఇంటికే శిక్షణ పిలుపొచ్చింది. నా సంగతి మాత్రం పెనుకొండలో పని చూసి తేలుస్తామన్నారు.

ఆ పని పేరు క్రాప్ కటింగ్. పొలంలో అక్కడక్కడ చిన్న తుండ్లు కోసి తూచి, మొత్తం దిగుబడి అంచనా కట్టడం. తుండుకు గుర్తుగా కొట్టే మేకు, అదే గూటం, ఎక్కడ పడాలో మనం ఎంచుకోకూడదు. ర్యాండమ్ నంబర్ల పట్టిక, అంటే ఏ వరసా లేని అంకెల పట్టిక, చెబుతుంది. శిక్షకుడు ఒక పెద్దాయన. ఒకే వేరుశనగ చేనులో అర్జీ పెట్టి వచ్చిన మా అందరి చేతా తలా ఒక తుండు పట్టిక ప్రకారం తీయించాడు. నాకు పడిన చోట అన్నీ రాళ్లు. మొక్కలు వెతుక్కోవాలి.

చేను ఆసామి నారాయణప్పకు తల కొట్టేసినట్టయింది.

"ఏమప్పా, ఇంత చేనుండగా ఆ బోడిగుండే కనపడిందా నీకి? నలుగురూ నవ్వరా? ఈడ చూడు, కాయ ఎట్లుండాదో. ఈడ కొట్టు గూటం."

"అంకె ఆడ పడిందన్నా."

"అంకెకి కండ్లుండాయా?"

"లేవనే గదన్నా దాన్ని అడిగేది."

మా వెంట వచ్చిన సూపర్వైజరు నన్ను పక్కకు లాగాడు. "రవ్వంత జరిపితే నీదేం పోతాది? ఆసామి పైకి చెప్పినాడంటే శిక్షణ లేదు, ఏమీ లేదు. మళ్లా ఫైళ్లు మోసుకుంటా ఉండాల్సిందే."

రాళ్లలోనే గూటం దిగ్గొట్టాను. కాటా మీద నా కాయలు చూసి ఆ సూపర్వైజరే, "ఇది శాంపిలా, ప్రసాదమా?" అన్నాడు. అందరూ నవ్వారు.

పెద్దాయన మా తుండ్ల సగటు తీసి, చేనంతటికీ అంచనా ముందే చెప్పాడు. తర్వాత చేనంతా పెరికించి తూచారు. తేడా ఒక మూట కూడా లేదు. నా తుండు తీసేసి మళ్లీ లెక్క కడితే అంచనా బండెడు ఎక్కువైంది. చారెడు నేల చేనంతటి సంగతీ చెప్పడం ఒక వింత. ఆ వింతకు నా రాళ్లు కూడా కావలసి రావడం ఇంకో వింత.

"మంత్రమేమన్నా ఏసినారా సామీ?" అన్నాడు నారాయణప్ప, కాటా కేసి చూస్తూ.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "లెక్క కట్టడం నేను నేర్పగలను. గూటం జరపకుండా ఉండటం నేర్పలేను. నువ్వు శిక్షణకు రా."

సూపర్వైజరు ఒక్క మంచి మాటా అనలేదు. అదీ గుర్తుంది.

తర్వాత నేనూ చాలామందికి శిక్షణ ఇచ్చాను. కన్ను దాటిపోవాలనుకునే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ చేనే నాకు నేర్పింది. మనుషుల మీద నాకు ఫిర్యాదులున్నాయి, ఉంటాయి. ఎవరి మొహమూ చూడని ఆ అంకెల మీద మాత్రం ఒక్కటీ లేదు.