వరద ముందు కత్తిరించిన జడ

మొన్న సోమవారం సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు, భద్రాచలం దగ్గర గోదావరి నలభై మూడు అడుగులకు చేరిందని, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని నా ఫోనులో కబురు వచ్చింది. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నదాన్ని, హెచ్చరికలకు కొత్తగా బెదిరేది ఏమీ లేదు. అయినా ఆ అంకె చూడగానే లేచి వెళ్లి నా కత్తెర సొరుగులో ఉందో లేదో చూసుకున్నాను. నా ఈడు వాళ్లకు ఇలాంటి అలవాటు ఒకటైనా ఉండే ఉంటుంది. నా అలవాటు మొదలైంది ఒక శ్రావణంలో, గురువారం నాడు, మధ్యాహ్నం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు.

అప్పుడు నేను బస్సు డిపోలో లెక్కల గుమస్తాను. ఆ పూట పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి పెనుబల్లి దగ్గరి మా పల్లె నుంచి అమ్మ, తమ్ముడు, మరదలు, ఐదేళ్ల మేనల్లుడు వచ్చి నా వరండాలో కూర్చుని ఉన్నారు. మర్నాడు ఉదయం రాములవారి సన్నిధిలో పిల్లవాడి పుట్టు వెంట్రుకలు తీయించాలి. ఏడాది నిండగానే తీయించవలసింది నాన్న పోయిన మైల వల్ల ఆగింది, మూడో ఏట ముహూర్తం పెట్టుకుంటే వరద ఆపింది, ఇక ఐదో ఏడు దాటనివ్వకూడదని అమ్మ పట్టుబట్టింది. ఈలోగా జుట్టు వాడి నడుము దాకా పెరిగింది. మరదలు రోజూ నూనె రాసి ఒంటి జడ వేసి పంపితే బడిలో వాణ్ని జడపిల్ల అని ఏడిపించేవారు.

నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చే పిల్లవాడు ఆ రోజు మరదలి ఒళ్లోంచి కదల్లేదు. పెదవులు తెల్లగా ఉన్నాయి, కాళ్ల మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మెడ కింద దోమలు కుట్టినట్టు ఎర్రటి చుక్కలు, వేలితో నొక్కితే మాయం కావడం లేదు. మూడు వారాలుగా జ్వరం వచ్చిపోతూ ఉందట. ఊళ్లో డాక్టరు సూదులు వేశాడు, అమ్మ పసరికలు, అంటే కామెర్లు, అనుకుని మూడు ఆదివారాలు పసరు పోయించింది. మంగళవారం ఖమ్మంలో రక్తపరీక్ష చేసిన డాక్టరు వెంటనే హైదరాబాదు తీసుకెళ్లమన్నాడట. తమ్ముడికి అర్థమైనదల్లా రక్తం తక్కువగా ఉందన్నదే. ఎలాగూ ముహూర్తం శుక్రవారం ఉంది గనుక, మొక్కు తీర్చుకుని శనివారం అటునుంచి అటే పోదామనుకున్నారు. లెక్కలు నీకే తెలుస్తాయి గదా అని పరీక్ష కాగితం నా చేతిలో పెట్టాడు.

కుదరని అంకెను పట్టుకోవడమే నా ఉద్యోగం. ప్లేట్‌లెట్లు పన్నెండు వేలు. పక్కనే, ఉండవలసింది లక్షన్నరకు పైన అని అచ్చువేసి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా మళ్లీ డిపోకు వెళ్లి కాగితం మీది నంబరుకు ఫోను చేశాను. ఆ డాక్టరు, మీరు ఈపాటికి హైదరాబాదులో ఉండవలసింది కదమ్మా అని నా మీద కోప్పడ్డాడు. రక్త క్యాన్సరని అప్పుడే మొదటిసారి విన్నాను. పిల్లల్లో వచ్చే ఈ రకం చాలామందికి నయమవుతుందనీ, కాకపోతే ఆలస్యానికి ఓర్చదనీ, ప్లేట్‌లెట్లు ఎక్కించేదాకా పళ్లు తోమే బ్రష్షు కూడా తగలనివ్వొద్దనీ అన్నాడు. గుండు సంగతి చెప్పాను. కత్తి గాటు ఒక్కటి పడితే ఆ నెత్తురు ఆగకపోవచ్చునన్నాడు.

ఫోను పెట్టేసరికి పక్క గదిలో, వంతెన అవతల రోడ్డు మీదికి నీళ్లు వస్తున్నాయని, ఆరున్నర హైదరాబాదు బస్సు తరువాత ఇంకేదీ వదలమని చెబుతున్నారు. ఇంటికి వచ్చేసరికి ఐదూ పాతిక.

అమ్మ ఆయుష్షంతా నాట్లు వేసిన మనిషి. ఆమెకు తెలిసిన మాటల్లోనే చెప్పాను. "ఎముకల మూలుగ ఉంటది గదమ్మా, నెత్తురుకు అదే నారుమడి. ఆ మడిల కలుపు పుట్టి నారును మింగేసింది. గాయాన్ని మూసే నారు వాని ఒంట్ల లేదు. కలుపుమందు కొట్టాలె. మందు కొడితే మంచి నారు గూడ కొంత మాడుతది, ఎంటికెలు రాల్తయ్, మళ్ల మొలుస్తయ్."

అంతా విని ఆమె చివరి మాట పట్టుకుంది.

"రాలి యాడ పడ్తయ్? దవాఖాన చెత్తబుట్టలనా? అవి దేవునియి బిడ్డా. దేవునిది దేవునికియ్యకుండ మనోన్ని ఎట్ల తీస్కపోతం?"

తమ్ముడు ఆమె పక్షమే. "నీ లెక్కలు డిపోల రాసుకో అక్కా. ఒక్క పూటకు ఏమైతది?" అన్నాడు. మరదలు పిల్లవాడి జడను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

అప్పుడే వాడి ముక్కు కారింది. అమ్మ కొంగుతో తుడిచింది. మళ్లీ వచ్చింది, ఈసారి ఎర్రగా. ముక్కు పట్టుకుని నొక్కింది, కొంగు మడత మార్చి మళ్లీ నొక్కింది. అది కాస్త నెమ్మదించేసరికి నా గడియారంలో పన్నెండు నిమిషాలు గడిచాయి. అమ్మ ఆ కొంగును చాలాసేపు చూసింది.

"కత్తెరకైతే నెత్తురొస్తదా?" అంది.

"తోలుకు తగలకుంటే రాదు."

"ఆడోళ్లు మూడు కత్తెరలిస్తే తీస్కుంటడు గద దేవుడు. వీనికీ జడున్నది గద, తీస్కుంటడు." మొదటి కత్తెర వేయవలసిన మేనమామ మర్నాడు గాని రాడు. "మేనమామ లేకుంటే మేనత్తవు నువ్వు పట్టు, జల్దీ," అంది.

నా సొరుగులో ఉన్నది డిపోలో టిక్కెట్ల కట్టల దారాలు కత్తిరించే కత్తెర. తల తూర్పుకు తిప్పి, రెండు వేళ్ల మందాన వదిలి, జడ మొదట్లో పెట్టాను. జడ మందంగా ఉంది, ఒక్క పట్టున తెగలేదు. రెండోసారి పట్టేసరికి పిల్లవాడు తల తిప్పబోయాడు.

"అత్తా, ఇగ నన్ను జడపిల్ల అనరు గదా?"

"అనరు. కదలకు."

ఆరున్నర బస్సు కండక్టరు నాకు తెలిసినవాడే. డిపో చరిత్రలో నా మాట మీద ఒక బస్సు ఆలస్యంగా కదలడం అదే మొదలు, అదే చివర. తమ్ముడు, మరదలు, పిల్లవాడు ఎక్కారు. అమ్మ ఎక్కలేదు. మర్నాడు ముహూర్తం వేళకు పోలీసులు రేవు మెట్ల దాకా రానివ్వకపోతే, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పసుపు గుడ్డలో కట్టిన జడను గోదావరికి ఇచ్చింది. వాళ్లు వెళ్లిన దారిని ఆ ఉదయానికే నీళ్లు కమ్మేశాయి.

హైదరాబాదులో చేరిన పూటే ప్లేట్‌లెట్లు ఎక్కించారు. మూలుగ తీసి చూసి జబ్బు పేరు ఖాయం చేశారు. నరంలోకి మందు, వెన్నులోకి మందు. మూడో వారానికి మిగిలిన జుట్టూ రాలింది. నెల తిరిగేసరికి మూలుగలో కలుపు కనబడలేదన్నారు. ఇంటికి తీసుకుపోతామని తమ్ముడు సంబరపడితే, ఈసారి అడ్డుపడింది అమ్మే. కలుపు కనబడకపోతే గింజ లేదని ఎట్ల అంటవురా అని కసిరింది. మూడేళ్ల దాకా మాత్రలు తప్పవని డాక్టరు చెప్పినప్పుడు ఆ ఇంట్లో ఆశ్చర్యపడనిది ఆమె ఒక్కతే. రోజూ రాత్రి అన్నం తిన్నాక మాత్ర ఆమె చేతిమీదుగానే వెళ్లేది.

ఇప్పుడు గోదావరి మీద రెండో వంతెన ఉంది. నీళ్లెంత వచ్చాయో నది కంటే ముందు ఫోను చెబుతుంది. మొన్నటి ఆ సోమవారం రాత్రి మేనల్లుడు సత్తుపల్లి నుంచి ఫోను చేశాడు. అక్కడి బొగ్గు గనిలో ఉద్యోగం, జుట్టు ముందువైపు పలచబడుతోంది. నీళ్లు ఎంతదాక వచ్చినయ్ అత్తా, సత్తుపల్లికి వచ్చెయ్యి అన్నాడు. వస్తానన్నాను గాని వెళ్లలేదు. ఇన్ని సౌకర్యాల మధ్య, ఆ గురువారంలా గడియారం చూసుకుంటూ ఒక ప్రాణం కోసం పరిగెత్తే తొందర మాత్రం నాకు ఇక లేదు.

పోయినవి రాస్తున్నాను. నడుము దాకా పెరిగిన జడ ఒకటి. పిల్లవాడికి బడిలో ఒక ఏడు. మందుల వల్ల వాడి ఎడమ పాదం వేళ్లలో స్పర్శ, సగం. వైద్యం ఖర్చులకు తమ్ముడి మామిడి తోట, ఎకరన్నర. అమ్మ, వాడికి ఇంకా నాలుగు నెలల మాత్రలు మిగిలి ఉండగా.