మా బావమరిది కొన్న కంపెనీ

నా కారు తయారుచేసే కంపెనీ చితికిపోయిందనీ, దాన్ని వేరే పెద్ద కంపెనీ కొనేయవచ్చనీ పేపర్లో వచ్చిన వారమే, రేపల్లెలో ఉండే మా ఆవిడ తమ్ముడు బాపట్లలోని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అతనిది ఆ పెద్ద కంపెనీ కారు. చర్చి నుంచి తిన్నగా వచ్చి, గుమ్మంలోనే అందుకున్నాడు.

"ఏంటి బావగారూ, మీ కంపెనీని మేం కొనేస్తున్నామంట!"

మేం! ఆ కంపెనీలో ఈ మహానుభావుడికున్న భాగమల్లా వీధిలో నిలబెట్టిన ఒక్క చిన్న కారు.

"కొంటే మంచిదేనంటావా?" చేపల పులుసు వడ్డిస్తూ మా ఆవిడ అడిగింది.

"దండగక్కా. వదిలేస్తే అదే పోతుంది. అప్పుడు బావగారు కూడా మా కారే కొనాలి."

"మరి అందులో పనిచేసేవాళ్లో?" అన్నాను.

"వాళ్ల సంగతి మనకెందుకండి? వ్యాపారం వ్యాపారమే" అంటూ ముల్లు తీసి పక్కన పెట్టాడు.

అతను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీ ఆమధ్య మూతపడబోతే, పక్క కాలేజీవాళ్లు కలుపుకున్నారు. అప్పుడు ఇదే నోటితో దేవుడే వాళ్లని పంపాడని ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ చూపు చూసి, అన్నంతోపాటు మింగేశాను.

కొన్ని నెలలకు కొనుగోలు జరగనే జరిగింది. "చూశారా మావాళ్ల తెలివి!" అని ఫోన్ చేశాడు.

తెనాలిలో మా కంపెనీ షోరూము ఎత్తేశారు. బ్రేకులు చూపించడానికి అక్కడే ఉన్న పెద్ద కంపెనీవాళ్ల సర్వీసు సెంటరుకే వెళ్లాను. లోపల నిలబడడానికి చోటు లేదు. కౌంటరు దగ్గర మా బావమరిది గొంతే వినబడింది.

"నేను మొదట్నుంచీ ఈ కంపెనీ కస్టమర్నమ్మా!"

"ఇప్పుడు అందరూ ఒకటేనండి. రెండు కంపెనీల బళ్లూ ఇక్కడికే వస్తన్నాయి. పనిచేసేవాళ్లం మాత్రం పాత మనుషులమే. బండి వదిలేసి వెళ్లండి సార్" అంది కౌంటరు అమ్మాయి.

వెనక్కి తిరిగి నన్ను చూశాడు. సిగ్గుపడతాడేమోనని ఒక్క క్షణం పిచ్చి ఆశ పడ్డాను.

"కొనొద్దని అప్పుడే చెప్పానా లేదా బావగారూ!"

ఇద్దరం కార్లు అక్కడే వదిలేసి స్టేషనుకు నడిచాం. బాపట్ల వెళ్లే నా రైలు ముందు వచ్చింది. నేను ఎక్కేటప్పటికి అతను బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలాయనకి, తనే గనక ఆ కంపెనీ నడిపితే ఏం చేసేవాడో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.