జబల్ మీద మంచు, బావ గొంతు

ఎండల దేశానికి పోతున్నాం కదా అని ఉన్న ఒక్క ఉన్నికోటూ ఇంట్లో పడేసి ఒమన్ వచ్చినవాణ్ణి నేను. నాకు బుద్ధి చెప్పడానికే అన్నట్టు కంపెనీ వాళ్ళు కింద సమాయిల్ సైట్ నుంచి తీసి జబల్ మీద వేశారు. జబల్ అంటే కొండ. డెబ్బైల చివరి మాట. పైన ఏవో గదులు కడుతున్నారు. మేం నలుగురం కరీంనగర్ వైపు వాళ్ళం. అందులో ఒకరు మా అక్క మొగుడు.

ఊళ్ళో మా అందరి పనీ ఒకటే, బావులు తవ్వడం. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. లోపలికి దిగినవాడు పలుకుతూనే ఉండాలి. తాడు వదలమని "ఇడువు" అనో, "ఆగు" అనో, ఏమీ లేకపోతే ఉత్త "ఓ" అనో. గొంతు ఆగిందంటే పైవాళ్ళు ఇంకేమీ అడగరు, తాడు పైకి గుంజేస్తారు. బావిలో గాలి చెడి ప్రాణం పోయినవాళ్ళను చూసినవాళ్ళం మరి.

ఆ చలికాలం ఒక పొద్దున తలుపు తీస్తే నేలంతా తెల్లగా ఉంది. రాళ్ళవాన అనుకున్నాం. కాదు, మంచు. పైపైన ముగ్గుపిండిలా మెత్తగా ఉంది, కాలు వేస్తే మడమ దాకా దిగింది. అడుగున గట్టి పెచ్చు. ఎండ తగిలే వైపు అప్పటికే కరిగి రాళ్ళు బయటపడుతున్నాయి. మా ఖర్మ కొద్దీ కిందికి పోయే దారి మాత్రం నీడ వైపు. నిటారుగా దిగి, సగంలో లోయ అంచును ఒరుసుకుంటూ పోయి, రోడ్డు దగ్గర తేలుతుంది.

బావకు ముందురోజు నుంచే కడుపునొప్పి. ఇప్పుడు ఒళ్ళు కాలిపోతోంది, పొట్ట మీద చెయ్యి వేయనివ్వడం లేదు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి వచ్చిన కంపెనీ బండి బలూచీ డ్రైవర్ కింద రోడ్డు మీద నుంచి అరిచాడు.

"గాడీ ఊపర్ నహీ ఆయేగీ! ఉస్‌కో నీచే లావ్!"

బండి పైకి రాదు, మనిషినే కిందికి తెమ్మంటున్నాడు. తెస్తాం సరే, ఎట్లా? మా నలుగురిలో వంట చేసే పెద్దాయన, మేం మామా అని పిలిచేవాళ్ళం, "ఉడుకునీళ్ళు పోస్తె కరుగదారా" అన్నాడు. మాకూ సబబుగానే తోచింది. డ్రమ్ముతో నీళ్ళు కాచి దారి పొడుగునా గుమ్మరించాం. మంచు మాయమైంది. సంబరపడ్డాం. కాసేపటికే ఆ నీళ్ళు గడ్డకట్టి దారంతా అద్దంలా తయారైంది. తొలి అడుగుకే మామ జారి కూలబడ్డాడు. కింద డ్రైవర్ నెత్తి కొట్టుకుంటున్నాడు. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇక బావిపనే గతి అనుకున్నాం. సెంట్రింగ్ పలక మీద బావను పడుకోబెట్టి తువ్వాళ్ళతో కట్టాం. పలకకు కట్టిన తాడును కొత్త పిల్లరు చువ్వలకు ఒక చుట్టు తిప్పి ముగ్గురం పట్టుకున్నాం.

"బావా, పలుకుతనే ఉండు" అన్నాను.

"ఇడువుండ్రి" అన్నాడు పళ్ళు బిగబట్టి.

పలక జారింది. "ఇడువు... ఆగు... ఇడువు..." ఆ గొంతు వినపడుతున్నంతసేపూ నాకు ఊపిరి ఆడింది. అక్క ముఖం కళ్ళ ముందు మెదులుతూనే ఉంది. దారి లోయ అంచుకు చేరే చోట గొంతు ఆగిపోయింది.

"బావా! ఓ బావా!"

పలుకు లేదు. ఎవరూ ఏమీ అనకముందే మా చేతులు తాడును పైకి గుంజడం మొదలుపెట్టాయి. నా చేతులూ గుంజుతున్నాయి. ఛీ, చేతులకేం తెలుసు! పైన మా దగ్గర ఏముంది, ఉడుకునీళ్ళు తప్ప? డాక్టరు ఉన్నది కింద.

"గుంజకుండ్రి! కిందికే ఇడువుండ్రి!" అని గొంతు చించుకున్నాను.

"పాణం పోతదిరా! పిచ్చి లేశిందా నీకు?" అని మామ నా మీదికి వచ్చాడు.

"పోతె మా అక్కకు నేను జెప్పుకుంట. ఇడువు!"

వదిలాం. అంత భయం నేను మళ్ళీ ఎరగను. నేనే చంపేస్తున్నానేమో అనుకుంటూ తాడు వదులుతూ పోయాను. చివరికి బరువు తగ్గింది. కింద నుంచి డ్రైవర్ కేక వేశాడు. "జిందా హై!" బతికే ఉన్నాడట. నేను మంచులోనే కూలబడి ఏడ్చాను.

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రికి పోయాను. నన్ను చూసి బావ గోడ వైపు తిరిగాడు.

"సోయి తప్పినవా బావా? ఎందుకు పలుకలె?"

ఇటు తిరగకుండానే మెల్లగా అన్నాడు.

"తప్పలె. పక్కకు జూస్తె లోయ గనవడ్డది. పాణం గజగజమన్నది. గొంతాపితె మీరు పైకి గుంజుతరని నోరు మూస్కున్న."

నేను దుప్పటి సరిచేస్తుంటే మళ్ళీ అన్నాడు.

"నువ్వు పిలిశింది ఇన్న. గుంజకుండ్రి అన్నది గూడ ఇన్న బామ్మర్దీ."

వెనక్కి వచ్చాక ఊళ్ళో మళ్ళీ బావుల్లో దిగాడు. నాతో నవ్వుతూనే ఉండేవాడు, పండుగకు పిలిచి తినిపించేవాడు. తాను దిగేటప్పుడు తాడు మాత్రం ఎప్పుడూ నా చేతికి ఇవ్వలేదు.