రెండు మంచాల మధ్య కిజోంబా

మా చెల్లి పెళ్లికి నాకు సెలవు దొరకలేదు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో నర్సులు తక్కువగా ఉన్నారని నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఆపేశారు. అది లేకుండా ఈ దేశం దాటలేం. "వచ్చే నెల చూద్దాం, ఇన్షా అల్లా" అన్నారు ఆఫీసులో.

పెళ్లి ఫోన్‌లోనే చూశాను. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే బొమ్మ ఆగిపోయింది. మళ్లీ లైను కలిసేసరికి అందరూ భోజనాల దగ్గర ఉన్నారు.

హాస్టల్ గదిలో నాతో ఉండేది కెన్యా అమ్మాయి, పిల్లల వార్డులో నర్సు. నా మొహం చూసి తను ఫోన్‌లో పాట పెట్టి, "లే సిస్టర్, డ్యాన్స్ నేర్పుతా" అంది.

మా ఇంట్లో డ్యాన్స్ అంటే పాపం. రానన్నాను. చెయ్యి పట్టుకుని లేపింది.

"ఇది కిజోంబా, అంగోలా వాళ్లది. వాళ్ల మాటలో పండగ అని అర్థం."

నైరోబీలో ఒక అంగోలా ఆయన దగ్గర నేర్చుకుందట. వాళ్లకి అంతకుముందు నుంచీ సెంబా అని హుషారైన ఆట ఉండేదట. కరీబియన్ దీవుల జూక్ పాటలు క్యాసెట్లలో వచ్చాక, సెంబా ఆడే జనమే ఆ నెమ్మది తాళానికి అడుగులు కలిపారట.

"ఆ దీవుల్లో ఉన్నది మా ఖండం నుంచి ఓడల్లో ఎత్తుకుపోయినవాళ్ల సంతానం. వాళ్ల తాళం అలా తిరిగి ఇంటికొచ్చింది" అంది.

"ఎన్నాళ్లకి?"

"చాలా తరాలు పట్టింది."

రెండు మంచాల మధ్య సందులో నన్ను దగ్గరికి తీసుకుంది. "కాళ్ల వంక చూడకు. నా బరువు ఎటు వెళ్తే నువ్వూ అటు రా."

నా ఒళ్లంతా బిగుసుకుపోయింది. మోకాలికి మంచం కోడు తగిలింది.

"ఊపిరాడట్లేదు, వదులు" అన్నాను.

వెంటనే వదిలేసింది. నిజానికి తను గట్టిగా పట్టుకోలేదు. ఆ గది, తాళం వేసే గేటు, ఆసుపత్రికీ బజారుకీ తప్ప ఎటూ వెళ్లని మా బస్సు, అన్నీ ఒక్కసారే మీద పడ్డట్టయింది. మంచం మీద కూర్చుని ఏడ్చాను. తను సౌండు తగ్గించి పక్కన కూర్చుంది.

కాసేపయ్యాక, "ఈసారి నువ్వు నడిపించు" అంది.

లేచాను. కొద్ది అడుగులకే గోడ అడ్డం వచ్చింది. ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయాను.

"ఆగితే ఆగు. బరువు మాత్రం ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారుస్తూ ఉండు" అంది.

పాట అయ్యేదాకా గోడ పక్కనే అలా ఊగాం.

తర్వాత సెలవురోజుల్లో సాయంత్రాలు ఆడేవాళ్లం. నా అడుగులు కుదురుకుంటున్న సమయానికి తన కాంట్రాక్టు అయిపోయింది, ఇక తిరిగి రానక్కర్లేకుండా ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. పెట్టె మోసుకుంటూ బస్సు దాకా వెళ్లాను. తను గట్టిగా వాటేసుకుంది. సంతోషించాల్సిందే, కానీ అసూయతో క్షేమంగా వెళ్లమని కూడా అనలేకపోయాను. బస్సు మలుపు తిరిగాక, డ్యూటీకి టైమవుతోందని యూనిఫాం వేసుకోవడానికి గదికి వెళ్లాను.

నేనింకా ఇక్కడే ఉన్నాను.